దత్తపుత్రులకు ఒకే బల్ల

పాఠ్యభాగములు: నిర్గమకాండము 2:1–11; గలతీయులకు 2:11–14; రోమీయులకు 8:14–17.
కంఠస్థము చేయవలసిన వచనము: ఎఫెసీయులకు 1:5.
పాఠము యొక్క ఉద్దేశము: ప్రభువు బల్లయొద్ద మనుష్యులను వేరుచేయు సంఘము, దేవుడు మనలను తన బిడ్డలుగా స్వీకరించెనను సువార్తను తన క్రియలచేత కాదనుచున్నదని తెలిసికొనుట.



దత్తత అను మాట మన పల్లెలకు క్రొత్తది కాదు. బిడ్డలు లేని దంపతులు అన్న కుమారునో అక్క కుమార్తెనో తెచ్చి పెంచుకొనుట మనమందరము చూచినదే. పెంచుకొనిన తండ్రి ఆ బిడ్డకు తన ఇంటిపేరు ఇచ్చును; పొలములో భాగము ఇచ్చును; తాను కన్నుమూసిన దినమున తలయొద్ద నిలుచు హక్కును ఇచ్చును. అపొస్తలుడైన పౌలు ఈ మాటనే తీసికొని మన రక్షణను వివరించెను. మనము పుట్టుకవలన కాదు, తండ్రి మనస్సువలన దేవుని ఇంటివారమైతిమని ఆయన బోధ.

అయితే ఒక భేదమును గమనించుడి. మనము సాధారణముగా మన బంధువుల బిడ్డనే తెచ్చుకొందుము. దేవుడు మాత్రము తన బంధువుల ఇంటినుండి మనలను తెచ్చుకొనలేదు. మనము దూరస్థులము, అన్యులము, ఆయన ఇంటితో ఏ సంబంధమును లేనివారము. అట్టి మనలను ఆయన తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను.

ఇట్టి వార్తను ప్రకటించు సంఘమే, ఒక రంగువారి ఇంటిలో వేరొక రంగు బిడ్డ పెరుగరాదని చెప్పు చట్టములకు నీడనిచ్చినయెడల ఏమగును? ఇది ఊహ కాదు. దక్షిణాఫ్రికా దేశములో జరిగిన సంగతి. ఈ నెల పాఠములో దానిని ధ్యానించుదము.

ఆ దేశము మనకు బొత్తిగా పరాయిది కాదు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి వెళ్లిన ట్రూరో అను ఓడ ఒడంబడిక కూలీలతో దర్బను రేవు చేరెను. తరువాతి సంవత్సరములలో చెరకు తోటల పనికి నేటాలు వెళ్లినవారిలో తెలుగు కుటుంబములు అనేకములు కలవు. వారి మధ్య సేవచేయుటకు తెలుగు బాప్తిస్టు సంఘములవారు నెల్లూరు ప్రాంతమునుండి జాన్ రంగయ్యగారిని మిషనెరీగా పంపగా, ఆయన 1903లో అక్కడికి చేరెను. ఆ కూలీల మనుమలును మునిమనుమలును మనము ఇప్పుడు చెప్పబోవు చట్టముల క్రిందనే బ్రదికిరి.

1. బల్లయొద్ద మొదలైన చీలిక

డచ్చివారు 1652లో ఆఫ్రికా దక్షిణపు కొనయందలి కేప్ రేవులో దిగిరి. వారితోకూడ వారి రిఫార్మ్డ్ సంఘమును వచ్చెను. కాలక్రమమున ఆ దేశస్థులును, దాసులుగా తేబడినవారును, మిశ్రమ సంతతివారును క్రీస్తును నమ్మి బాప్తిస్మము పొందిరి. వీరు తెల్లవారితోకూడ ఒకే బల్లయొద్ద రొట్టె విరువవచ్చునా అను ప్రశ్న లేచెను. 1829లో ఆ సంఘపు మహాసభ సూటిగా జవాబిచ్చెను. రంగునుబట్టి గాని పుట్టుకనుబట్టి గాని భేదము లేకుండ సభ్యులందరికి సంస్కారము కలిపి ఇయ్యవలెనని తీర్మానించెను.

ఆ మాటమీదనే నిలిచియుండినయెడల ఎంత మేలు! గాని తెల్ల సభ్యులలో కొందరు నల్లవారితో కలిసి ఒకే పాత్రలో త్రాగుటకు సమ్మతింపలేదు. 1857లో మహాసభ కూడినప్పుడు ఒక రాజీ తీర్మానము వచ్చెను. అందరు ఒకే సంఘములో కూడుట మంచిదనియు, అదియే వాక్యానుసారమనియు ఆ తీర్మానము ఒప్పుకొనెను. అయినను కొందరి బలహీనతవలన సువార్తపనికి ఆటంకము కలుగుచోట్ల, క్రొత్తగా చేరిన విశ్వాసులు వేరే కట్టడములో ఆరాధించుకొనవచ్చునని సెలవిచ్చెను.

ఇక్కడ కొంచెము ఆగుదము. వాక్యము ఏమి చెప్పుచున్నదో ఆ పెద్దలకు తెలియును. తెలిసియు, దానిని కొందరి బలహీనతకు లోపరచిరి. బలహీనుని భరింపుమని పౌలు రోమీయులకు 14వ అధ్యాయములో చెప్పలేదా అని ఎవరైన అడుగవచ్చును. చెప్పెను. గాని అక్కడ బలహీనుడు తాను తిను భోజనము విషయమై సంకోచపడువాడు. తన సహోదరుని బల్లయొద్దనుండి లేపువాడు కాడు.

సెలవుగా ఇచ్చినది అలవాటాయెను. అలవాటు పోయి సిద్ధాంతమాయెను. 1881లో మిశ్రమ సంతతివారికి మిషను సంఘమను పేరుతో వేరు సంఘము ఏర్పడెను. తరువాత నల్లవారికి వేరు సంఘములు ఏర్పడెను. 1968లో భారతీయులకును వేరుగా ఒక రిఫార్మ్డ్ సంఘము ఏర్పడెను. అందరికి ఒకే బైబిలు, ఒకే ప్రశ్నోత్తరి. గుమ్మములు మాత్రము నాలుగు.

అంతియొకయలో పేతురు చేసిన పొరపాటును చూడుడి. కొర్నేలీ ఇంటిలో దేవుడు పక్షపాతి కాడని నేర్చుకొనినవాడే, యెరూషలేమునుండి కొందరు వచ్చినంతనే భయపడి అన్యజనుల పంక్తినుండి వెనుదీసెను. పేతురు నోటితో తప్పు బోధ చేయలేదు. కుర్చీ మాత్రము మార్చుకొనెను. అయినను పౌలు దానిని చిన్న తప్పుగా ఎంచలేదు. అది సువార్త సత్యమునకే విరోధమని అందరియెదుట నిలువరించెను.

2. బల్లయొద్దనుండి ఊయలవరకు

పంక్తిలో మొదలైన భేదము పంక్తితో ఆగదు. 1948లో వర్ణవివక్షను తమ విధానముగా ప్రకటించిన పార్టీ ఆ దేశములో అధికారమునకు వచ్చెను. 1949లో తెల్లవారును ఇతరులును వివాహమాడుటను నిషేధించు చట్టమాయెను. 1950లో దేశములోని ప్రతి మనుష్యుని జాతి ఇదియని పుస్తకములో నమోదుచేయు చట్టము వచ్చెను. ఏ జాతివారు ఏ పేటలో కాపురముండవలెనో నిర్ణయించు చట్టమును ఆ సంవత్సరమే వచ్చెను. ఒకడు ఏ జాతివాడో తేలనప్పుడు వాని జుట్టులో పెన్సిలు గ్రుచ్చి, అది నిలిచెనా జారెనా అని చూచి నిర్ణయించినట్టివారును ఉండిరి.

ఈ చట్టములు ఊయలను కూడ విడువలేదు. 1991 వరకు, ఒక జాతిగా నమోదైన బిడ్డను వేరొక జాతిగా నమోదైన దంపతులు దత్తత తీసికొనుటకు ఆ దేశపు చట్టము ఒప్పుకొనలేదు. చేతులు చాచి నిలిచిన ఇల్లు ఒకవైపు, తల్లిలేని బిడ్డ ఒకవైపు ఉన్నను, వారి నడుమ ఆ నమోదు పుస్తకము అడ్డముగా నుండెను.

పెంచుకొనిన బిడ్డల సంగతి అటుండగా, కన్నబిడ్డనుకూడ ఆ పుస్తకము విడదీయగలిగెను. 1966లో ఒక పదేండ్ల బాలికను ఆమె చదువుచున్న తెల్లవారి పాఠశాలనుండి పోలీసులు వెంటబెట్టుకొని ఇంటికి తీసికొనిపోయిరి. ఆమె తలిదండ్రులిద్దరును తెల్లవారుగానే నమోదైనవారు. ఆ బిడ్డ చర్మము నల్లగాను జుట్టు ఉంగరములుగాను ఉన్నందున ఆమెను మిశ్రమజాతి పట్టీలో వ్రాసిరి. తండ్రి న్యాయస్థానములచుట్టు తిరిగెను. 1967లో చట్టమే మారి, పుట్టుకనుబట్టి ఆమెను మరల తెల్లదానిగా వ్రాసిరి. కాగితము మారెను గాని, ఆ పిల్లతో ఆడుకొనుటకు తెల్ల పిల్లలు రాలేదు. పుస్తకములోని గీత కంటె మనుష్యుల మనస్సులోని గీత లోతైనది.

ఈ చట్టములను సంఘము స్వయముగా వ్రాయలేదు. గాని వాటికి వాక్యాధారమును అరువిచ్చినది సంఘమే. బాబెలు గోపురమునొద్ద దేవుడు జనములను వేరుపరచెను గనుక వేరుగా నుండుటయే ఆయన చిత్తమని బోధించిరి. 1974లో కూడ ఆ సంఘపు మహాసభ ఆమోదించిన ఒక నివేదిక లేఖనములతో ఆ ఏర్పాటును సమర్థించెను. బాబెలు కథను చదివి పెంతెకొస్తు దినమును మరచిన బోధ అది. అనేక భాషలవారు ఒకే ఆత్మను పొందిన ఆ దినము లేనియెడల మనలో ఎవ్వరము సంఘములో ఉండము.

3. తెచ్చుకొనుట మాత్రమే చాలదు

ఇక రెండవ వైపును చూడవలెను. వేరే జాతి బిడ్డను ఇంటిలోనికి తెచ్చుకొనుట ప్రేమయే. గాని తెచ్చుకొనినంత మాత్రమున అది పూర్ణమైన ప్రేమ కాదు.

డచ్చివారు కేప్‌లో దిగిన తొలి సంవత్సరములలోనే వారి అధిపతియైన యాన్ ఫాన్ రీబెక్ ఇంటిలో క్రొటోవా అను స్థానిక ఖోయి జాతి బాలిక చేరెను. అప్పుడామె వయస్సు సుమారు పది పండ్రెండేండ్లు. ఆ ఇంటిలో పనిచేయుచు, పిల్లలను చూచుకొనుచు పెరిగెను. డచ్చి భాషయు పోర్చుగీసు భాషయు నేర్చి, ఇరుజనుల నడుమ దుబాసిగా మాటాడెను. 1662లో బాప్తిస్మము పొంది ఈవ అను పేరు పొందెను. ఆ సంవత్సరమే ఆ అధిపతి కుటుంబముతోకూడ కేప్ విడిచి వెళ్లిపోయెను. 1664లో ఆమె పీటర్ ఫాన్ మీర్‌హోఫ్ అను వైద్యుని పెండ్లాడెను. ఆయన ఒక ప్రయాణములో చంపబడిన పిమ్మట ఆమెకు దిక్కు లేకపోయెను. తన జనులలో ఆమె అన్యురాలు. తెల్లవారిలో ఆమె పరాయిది. త్రాగుడులో పడెను. ఆమెను రాబెన్ దీవికి పంపివేసిరి. బిడ్డలను ఆమెయొద్దనుండి తీసివేసిరి. 1674లో ఆమె మరణించెను.

ఆ ఇంటివారు ఆమెకు అన్నము పెట్టిరి, బట్ట ఇచ్చిరి, బైబిలు చెప్పిరి. ఆమె భాషాజ్ఞానమును వాడుకొనిరి. గాని ఆమెకు ఆ బల్లయొద్ద కుమార్తె చోటు దొరకలేదు. పనికివచ్చినంత కాలము ఇంటిలో నుంచుకొనుట దత్తత కాదు. విచిత్రమేమనగా, ఆమె కుమార్తె సంతతివారు తరతరములుగా విస్తరించి, 1950 నాటి పుస్తకములో అనేకులు తెల్లవారుగానే నమోదైరి. గీత గీసినవారి ఇండ్లలోనే క్రొటోవా రక్తము ప్రవహించుచుండెను.

ఇప్పుడు నిర్గమకాండము 2వ అధ్యాయము తెరువుడి. అన్యజాతి ఇంటిలో పెరిగిన బిడ్డ కథ అది. ఫరో కుమార్తె ఆ శిశువు హెబ్రీయుల బిడ్డయని చూచినంతనే గుర్తుపట్టెను, గుర్తుపట్టియు కనికరపడెను. ఆ పిల్లలను నదిలో వేయుమని ఆజ్ఞాపించినవాడు ఆమె తండ్రియే. తండ్రి చట్టమును దాటి ఆమె చేయి చాచెను. మరియొక సంగతి గమనించుడి. ఆ బిడ్డకు పాలిచ్చినది వాని కన్నతల్లియే. రాజగృహములో పెరిగి పెద్దవాడైన మోషే తన సహోదరులయొద్దకు వెళ్లినప్పుడు వారు తన వారని ఎరుగును. అతడు ఒక ఇంటి కుమారుడై పెరిగెను. మరియొక జనమునకు సహోదరుడుగా నిలిచెను. ఆ ఎరుక లేనియెడల ఇశ్రాయేలీయులను నడిపించు నాయకుడెక్కడ?

1991లో ఆ నిషేధము తొలగిన పిమ్మట దక్షిణాఫ్రికాలో తెల్ల దంపతులు కొందరు నల్ల బిడ్డలను దత్తత తీసికొనిరి. 2005 నాటి పిల్లల చట్టము, దత్తత విషయములో బిడ్డ యొక్క మతమును సంస్కృతిని న్యాయస్థానము ఆలోచింపవలెనని చెప్పుచున్నది. అది మంచి నియమము. మా కంటికి రంగు కనబడదని పెంచిన తల్లి అనవచ్చును. ఆ మాట ప్రేమతో అన్నదే. గాని ఆ బిడ్డ ప్రతి ఉదయము అద్దములో తన ముఖము చూచుకొనును. సంఘమునకు వెళ్లినప్పుడు తనవంటి ముఖము మరియొకటి కలదా అని వెదకును. ఒక దినమున అడుగును: అమ్మా, ఈ గుడిలో మా తాత కూర్చుండగలిగెడివాడా? ఆ ప్రశ్నకు తల్లి నిజము చెప్పవలెను. నిజము దాచి పెంచిన ఇల్లు ఇసుకమీద కట్టిన ఇల్లు.

4. ఒప్పుకొనిన సంఘము

దేవుడు తన సంఘమును విడువలేదు. లోపలినుండియే కొందరిని లేపెను. బేయర్స్ నోడే అను బోధకుడు ఆ డచ్చి సంఘములో పేరుపొందినవాడు. వర్ణవివక్ష వాక్యవిరుద్ధమని చెప్పినందుకు 1963లో తన ప్రసంగ వేదికను విడువవలసివచ్చెను. 1977 మొదలు 1984 వరకు ప్రభుత్వము ఆయనను కూటములలో మాటాడకుండ నిషేధించెను.

1982లో కెనడాలోని ఒట్టావా పట్టణములో రిఫార్మ్డ్ సంఘముల ప్రపంచ సభ కూడెను. అక్కడ దక్షిణాఫ్రికానుండి వచ్చిన నల్ల ప్రతినిధులు కొందరు తెల్ల సంఘమువారితో కలిసి సంస్కారము పుచ్చుకొనుటకు నిరాకరించిరి. మా దేశములో మమ్మును ఆ బల్లయొద్దకు రానియ్యనివారితో ఇక్కడ మాత్రము ఎట్లు కూర్చుందుమని వారి భావము. ఆ సభ వర్ణవివక్షను సమర్థించు బోధ సువార్తకు విరుద్ధమైన దుర్బోధయని ప్రకటించెను. ఆ సంవత్సరమే మిషను సంఘమువారు బెల్హార్ అను చోట ఒక విశ్వాస ప్రకటన సిద్ధపరచి, 1986లో దానిని స్వీకరించిరి. సంఘైక్యత, సమాధానము, న్యాయము దాని ముఖ్యాంశములు.

1990 నవంబరులో రస్టెన్‌బర్గ్ అను చోట అనేక సంఘముల నాయకులు కూడిరి. విల్లీ యోంకర్ అను వేదాంత పండితుడు లేచి, తన పాపమును తన సంఘము యొక్క పాపమును అందరియెదుట ఒప్పుకొనెను. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూగారు లేచి క్షమించుచున్నామని పలికెను. కన్నీళ్లు కార్చినవారును ఉండిరి. మాట చాలదు, క్రియలు చూడవలెనని సందేహించినవారును ఉండిరి. ఆ సందేహమును మనము తప్పుపట్టజాలము. మరుసటి సంవత్సరము జాతి నమోదు చట్టము రద్దాయెను. 1994లో మిషను సంఘమును ఆఫ్రికా సంఘమును ఏకమై ఒకటిగా నిలిచెను. అయినను పాత తెల్ల సంఘముతో ఐక్యత నేటికిని పూర్తి కాలేదు. పాపము ఒప్పుకొనుటకు ఒక దినము చాలును. కట్టిన గోడ తీయుటకు ఒక తరము చాలుట లేదు.

5. మన సంగతి ఏమి?

దూరదేశపు తప్పును చెప్పుకొని తల ఆడించుట సులభము. కులము వేరు, రంగుభేదము వేరు. గాని బల్లయొద్ద రెండును ఒకే మాట పలుకును. 1833లో కలకత్తా బిషపు డేనియల్ విల్సన్‌గారు సంఘములలో కులభేదము పూర్తిగా విడువవలెనని ఆజ్ఞాపించినప్పుడు, తంజావూరు ప్రాంతమున అనేకులు సంఘమునే విడుచుటకు సిద్ధపడిరి గాని కులమును విడువలేదు.

మేమును ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో బిడ్డలు లేని దంపతులు శిశుగృహమునుండి ఒక ఆడుబిడ్డను తెచ్చుకొనగోరి మా ఆలోచన అడిగిరి. సంఘపెద్దలలో ఒకరు, ఏ కులపు బిడ్డో తెలియకుండ ఎట్లు తెచ్చుకొందురు, రేపు పెండ్లి సంగతి ఏమి అనిరి. గదిలో నున్నవారందరు మౌనముగా నుండిరి. మేమును మౌనముగానే ఉంటిమి. ఆ పెద్దమనిషి మనస్సు నొప్పించుట ఎందుకని తలచితిమి. కొందరి బలహీనతకు చోటిచ్చితిమి. ఆ దంపతులు వెనుకకు తగ్గిరి. కొంతకాలమునకు ఆ సహోదరి మాతో, “అయ్యగారూ, ఆ పొద్దు మీరొక్క మాట అనుంటే పాపను తెచ్చుకొనేవాళ్లం” అనెను. 1857 నాటి తీర్మానమును చదివినప్పుడెల్లను ఆమె మాట మా చెవిలో మ్రోగుచున్నది.

కాబట్టి ప్రియులారా, ఈ నాలుగు సంగతులు మనస్సులో నుంచుకొనుడి.

(1) దత్తతకు వచ్చిన బిడ్డ కులము, రంగు సంఘములో ప్రశ్నగా లేచినయెడల, పెద్దలు ఆ క్షణమే జవాబియ్యవలెను. మౌనము సమ్మతియే.

(2) పూర్వము మన దేశములో క్రైస్తవులకు 1890 నాటి చట్టము క్రింద సంరక్షకత్వము మాత్రమే దొరికెడిది. నేడు 2015 నాటి బాలల న్యాయచట్టము క్రింద క్రైస్తవులును పూర్తి హక్కులతో దత్తత తీసికొనవచ్చును. ఎవరికిని తెలియకుండ బిడ్డను చేతులు మార్చుట నేరము, బిడ్డకును కీడు. చట్టప్రకారమే తీసికొనుడి.

(3) పెంచిన బిడ్డకు ఇంటిపేరును భాగమును లోపము లేకుండ ఇయ్యుడి. పనికొరకు తెచ్చుకొనిన పిల్లను దత్తపుత్రిక అని పిలువవద్దు. బిడ్డకు తన పుట్టుక సంగతి తగిన వయస్సులో ప్రేమతో చెప్పుడి.

(4) వచ్చు సంస్కారపు ఆదివారమున, పాత్ర మీ చేతికి వచ్చినప్పుడు, మీకు ముందు త్రాగినవారెవరో తలంచుకొనుడి. మీ మనస్సు వెనుదీసినయెడల, అక్కడనే ప్రభువుతో ఒప్పుకొనుడి.

చర్చించుటకు ప్రశ్నలు

అ. 1829 తీర్మానమునకును 1857 తీర్మానమునకును భేదమేమి? ఏ మాటవలన ఆ భేదము వచ్చెను?
ఆ. ఫరో కుమార్తె ఇంటిలో మోషేకును, అధిపతి ఇంటిలో క్రొటోవాకును దొరకిన చోటులో భేదమేమి?
ఇ. మన సంఘములో ఎవరి మనస్సు నొప్పించుదుమో అను భయముచేత మనము చెప్పక దాచుచున్న వాక్యసత్యము ఏది?

ప్రార్థన

మా తండ్రీ, దూరస్థులమైన మమ్మును నీ బిడ్డలుగా చేర్చుకొంటివి. నీవు చేర్చుకొనినవారిని మేము త్రోసివేసిన దినములు మాకు జ్ఞాపకమునకు తెమ్ము. మా మౌనమును క్షమింపుము. నోరు తెరువవలసిన గడియలో నోరు తెరచు ధైర్యము మా పెద్దలకు దయచేయుము. ఇల్లులేని ప్రతి బిడ్డకు మా బల్లయొద్ద చోటు కలుగునట్లు చేయుమని యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.